నాలుగు తీగల పరీక్ష

చిక్కడపల్లి,
12 జూన్ 2025

అక్కయ్యా,

కుశల ప్రశ్నలు వేసే అలవాటు మన ఇంట్లో నాన్నగారితోనే పోయింది కనుక నేరుగా విషయానికి వస్తాను. నాకు భయంగా ఉంది.

పోయిన సోమవారం లక్ష్మయ్య షాపుకి క్షవరానికి వెళ్ళాను. మెడ చుట్టూ గుడ్డ కట్టి కత్తెర ఆడిస్తున్నవాడు ఉన్నట్టుండి ఆగి, "ఏంది సార్, చలి పెడ్తుందా? ఫ్యాన్ బంద్ చెయ్యాల్నా?" అన్నాడు. జూన్ నెలలో చలేమిటని అద్దంలో చూసుకున్నాను. నా ఒళ్ళో గుడ్డ కదులుతోంది, కింద ఎలుకపిల్ల దూరినట్టు. అది నా ఎడమ చెయ్యి. ఉంగరం వేలూ చిటికెన వేలూ వాటంతట అవే ఆడుతున్నాయి. అవును, చలిగానే ఉందన్నాను. అతను ఫ్యాను ఆపేశాడు. మిగతా క్షవరం చెమటలు కక్కుతూ చేయించుకున్నాను.

నాన్నగారికీ ఎడమ చేతితోనే మొదలైందని, జబ్బు ముదిరాక నువ్వే రాశావు. నేను ఆదిలాబాద్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. సెలవు పెట్టుకుని వచ్చేసరికి ఆయన చెంచా పట్టుకోలేని స్థితిలో ఉన్నారు. తర్వాత రెండేళ్ళకి మాట కూడా పోయింది. సెక్రటేరియట్‌లో ఫైళ్ళ మీద ముత్యాల్లాంటి నోట్సు రాసిన మనిషి, మంచినీళ్ళు కావాలని చెప్పలేక నా మొహం వంక చూసిన చూపు ఇంకా నన్ను వదల్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళమంటావు. వెళ్ళను. డాక్టరు దానికో పేరు పెడతాడు. పేరు పెట్టించుకున్న జబ్బు ఇంట్లో మనిషిలా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. కొత్త విద్య నేర్చుకోగలిగిన చెయ్యి చెడిపోయిన చెయ్యి కాదు. కోఠి వెళ్ళి ఉకులేలే కొన్నాను. గిటారుకి మనవరాలు అనుకో. చంటిపిల్లలా చంకలో ఇముడుతుంది, నాలుగు నైలాను తీగలు. మొదటి పాఠమే ఉంగరం వేలుతో: చివరి తీగని మూడో మెట్టు దగ్గర నొక్కటం. అంటే సరిగ్గా నా దొంగ వేలికే పరీక్ష.

చిక్కు ఏమిటంటే, ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని నొక్కుతుంటే తీగ జుయ్యిమంటుంది. అది జబ్బు వల్లా, చేతకాకా? తేల్చుకోవాలంటే నాలాగే ఏమీ రానివాళ్ళ చేతులు పక్కన ఉండాలి. అందుకని కొత్తగా నేర్చుకునేవాళ్ళ గుంపు ఎక్కడైనా ఉందా అని వెతుకుతున్నాను. హిమాయత్‌నగర్‌లో ఒక సంగీతం బడిలో అడిగితే పిల్లల బ్యాచి చూపించారు. నా మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలు. గ్రంథాలయం మెట్ల మీద, నా పుస్తక సమీక్షలంటే పడని రామచంద్రం కనపడి, "ఇన్నాళ్ళూ మా పుస్తకాలు చీల్చి చెండాడావు, ఇక మా చెవులు కూడానా?" అన్నాడు. ఇతరుల పుస్తకాలకి ముందుమాటలు రాయటమే తప్ప ఆ పుస్తకాలు చదివిన పాపాన పోని మనిషి! నారాయణగూడలో వారం వారం జరిగే సాహిత్య సమావేశానికి నన్ను పిలవటం మానేసింది ఆయనే. చెయ్యి సంగతి ఆయనకి తెలిస్తే సంతాప సభకి ఉపన్యాసం ఇప్పుడే తయారు చేసుకుంటాడు.

ఎవరికీ చెప్పకు. నాగశ్రీకి కూడా.

భయపడుతున్న నీ తమ్ముడు,
జగన్నాథరావు

*

బాపట్ల,
20 జూన్ 2025

ఒరే జగన్నాథం,

నాకు ఫోనులో ఏమీ వినపడదని గుర్తుంచుకుని కాగితం మీద రాసే మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. ఆ ఒక్క కారణంగా తిట్లు తగ్గించి రాస్తున్నాను.

ప్రశ్నపత్రం నీదే, సమాధానం నీదే, దిద్దేదీ నువ్వే. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఫెయిలు చేసినవాడివి, నిన్ను నువ్వు పాసు చేసుకోవటం ఎంతసేపు? తిన్నగా డాక్టరు దగ్గరికి పో. నేను వీణ మొదలుపెట్టిన కొత్తలో చెయ్యి ఎంత వణికేదంటే, గమకం పలుకుతోందని అమ్మ మురిసిపోయేది. కొత్తవాళ్ళ చేతులన్నీ వణుకుతాయి. దాన్ని బట్టి ఏం తెలుస్తుంది?

నాగశ్రీకి చెప్పక తప్పలేదు. ఉత్తరం పోస్టులోంచి తెచ్చేదీ, కళ్ళజోడు వెతికి ఇచ్చేదీ కూతురే కదా. ఈ మధ్య ముసలివాళ్ళని గ్రూపుల్లో చేర్చుకుని మోసం చేస్తున్నారట. ఆధార్ నంబరు ఎవరికీ ఇవ్వద్దని రాయమంది.

నాన్నగారి సంగతి ఉత్తరాల్లో ఎత్తకు. పగలంతా మనసు బాగుండదు.

అక్కయ్య

*

చిక్కడపల్లి,
7 జూలై 2025

అక్కయ్యా,

దొరికింది. నా ఆధార్ నంబరు ఇంకా నా దగ్గరే ఉంది.

అశోక్‌నగర్ నీకు గుర్తుందో లేదో, ఇప్పుడక్కడ చెట్ల కంటే కోచింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువ. పెద్ద ఉద్యోగాల పరీక్షలకని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, హాస్టళ్ళు, చదువుకునే గదులు. ఒక కరెంటు స్తంభానికి హాస్టల్ ప్రకటనల మధ్య చేతిరాతతో చిన్న కాగితం: ఉకులేలే, రానివాళ్ళకు మాత్రమే, ఆదివారం పొద్దున, మేడ మీద. జీవితంలో నా అర్హతకి సరిగ్గా సరిపోయిన ప్రకటన ఇదొక్కటే.

మొదటి ఆదివారం వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. మరుసటి ఆదివారం ఎదురుగా టీ బండి దగ్గర నిలబడి, మెట్లెక్కుతున్న పిల్లల్ని చూస్తూ టీ చల్లారిపోయేదాకా పట్టుకున్నాను. నా భయం పిల్లలు నవ్వుతారని కాదు. అందరి వేళ్ళూ నిలబడి నా వేలు ఒక్కటే ఆడితే, ఆ మేడ మెట్లు దిగేటప్పుడు నేను రోగిగా దిగుతాను. ఎక్కనంతవరకూ రోగిని కాను.

నిన్న ఎక్కాను. పద్ధతి ప్రకారమే ఎక్కాను. మన ఇంట్లో ఎవరూ గురువుకి తాంబూలం ఇవ్వకుండా విద్య మొదలుపెట్టలేదు కదా. పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు, కొబ్బరికాయ, జరీ కండువా. పైన నీళ్ళ ట్యాంకు నీడలో ఏడెనిమిది మంది చాప మీద కూర్చుని ఉన్నారు. కరీంనగర్ నుంచి వచ్చి పరీక్షకి చదువుతున్న భవ్య అనే అమ్మాయి లేచి వచ్చింది. మీ మాస్టారు ఎవరమ్మా అని అడిగాను.

"మాస్టారు లేడు తాతా. ఎవ్వరికీ రాదు గనకనే గ్రూపు పెట్టుకున్నం."

"మరి నేర్పేదెవరు?"

"పోయిన వారం వచ్చినోళ్ళు ఈ వారం వచ్చినోళ్ళకి చెప్తరు."

నేను పళ్ళెం ఎవరి ముందు పెట్టాలా అని చుట్టూ చూశాను. సుమంత్ అనే కుర్రాడు, మెయిన్స్ రెండుసార్లు రాసి పోగొట్టుకున్నవాడట, కండువా తీసి నీళ్ళ ట్యాంకు పైపుకి చుట్టి దండం పెట్టాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు కొబ్బరికాయని పిట్టగోడకేసి కొట్టాడు. కింద చదువుకునే గదిలోంచి ఒకతను కోపంగా పైకి వచ్చి, "జర సప్పుడు తక్కువ చెయ్యుండ్రి, ఎగ్జాముంది" అన్నాడు. వీళ్ళు ఉకులేలే ఎంచుకున్నది అందుకేనట, దాని శబ్దం కింది అంతస్తుకి దిగదు. ఆ రోజు వచ్చిన ఫిర్యాదల్లా నా కొబ్బరికాయ మీదే.

వాళ్ళకో నియమం ఉంది. అందరికంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఎంత వేగంగా వాయించగలిగితే మిగతావాళ్ళూ అంతే వేగంగా వాయించాలి. అంటే నిన్నటి నుంచి అందరూ నా వెనకే నడవాలి. నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని మొహం ముడుచుకున్నాను. కాదు, నిజంగానే ఆగారు. నా వేలు మెట్టు వెతుక్కునేదాకా ఏడెనిమిది చేతులు గాలిలో ఆగి ఉన్నాయి. కంగారులో ఎవరి చెయ్యి వణుకుతోందో చూడటమే మర్చిపోయాను.

నువ్వుంటే ఆ చాప మీద నువ్వే గురువువి. నీ వీణ అమ్మి స్కూటరు కొనుక్కున్న బావని ఈ జన్మకి క్షమించను. చచ్చిపోయినవాళ్ళని ఏమీ అనకూడదని లోకం అంటుంది. బతికుండగా అననివ్వలేదు, మరెప్పుడు అనాలి?

కొత్త విద్యార్థి,
జగన్నాథరావు

*

బాపట్ల,
16 జూలై 2025

ఒరే జగన్నాథం,

కొబ్బరికాయ సంగతి చదివి నాగశ్రీ, నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. తర్వాత నీ ఉత్తరం చివరికి వచ్చాను. నవ్వు ఆగిపోయింది.

మీ బావగారు వీణ అమ్మలేదు. స్కూటరు ఆఫీసు లోనుతో కొన్నారు. ఒకరోజు వీణ శ్రుతి చేస్తుంటే పై షడ్జం నాకు వినపడలేదు. తీగ కదులుతోంది, కళ్ళకి కనపడుతోంది, చెవిలో ఏమీ లేదు. భయంతో గుడ్డ కప్పి అటక ఎక్కించాను. తర్వాత వెనక వీధిలో విజయశ్రీ అని ఒక పిల్ల నేర్చుకుంటుంటే ఇచ్చేశాను. వీణ ఏదని చుట్టాలు అడుగుతారు కదా, నా చెవుల సంగతి అందరికీ తెలుస్తుందని నేనే ఆయన్ని బతిమాలాను. అమ్మేశానని చెప్పి చెడ్డపేరు ఆయన నెత్తిన వేసుకున్నారు. నువ్వు ఆయనతో మాట్లాడటం మానేసినప్పుడు కూడా నోరు విప్పలేదు.

భయపడి ఒక వాయిద్యాన్ని ఇంట్లోంచి పంపేశాను నేను. భయపడి ఒకదాన్ని తెచ్చుకున్నావు నువ్వు. నా కంటే నువ్వే నయం.

ఈసారి వాళ్ళ చేతులు చూసి రాయి.

అక్కయ్య

*

చిక్కడపల్లి,
4 ఆగస్టు 2025

అక్కయ్యా,

బావ మీద ముప్ఫై ఏళ్ళుగా పెంచుకున్న కోపాన్ని ఒక్క ఉత్తరంతో లాగేసుకున్నావు. ఆ ఖాళీలో ఇప్పుడు ఎవరిని పెట్టను? రామచంద్రం ఒక్కడూ సరిపోడు. బావ ఎదురుపడ్డప్పుడు ఏం మాట్లాడుకునేవాళ్ళమో, మాట్లాడకుండా ఎంత కాలం గడిచిందో ఆలోచిస్తూ రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. సరే, అది అలా ఉంచు.

అసలు సంగతి విను. చేతులు చూశాను. ఒక్కొక్కరినీ పరీక్ష హాల్లో తిరిగినట్టు తిరిగి చూశాను. భవ్య చూపుడు వేలు తీగ మీద పెట్టగానే వణుకుతుంది. సుమంత్‌ది మరీ ఘోరం, మణికట్టు దాకా. వాడి చెయ్యి చూస్తే వాడు రాసిన పరీక్షలన్నీ కనపడతాయి. నువ్వన్నది నిజమే, కొత్తవాళ్ళందరూ వణుకుతారు.

నా చెయ్యి వణకలేదు అక్కయ్యా. తీగ మీద పెట్టిన క్షణం నుంచి పాట అయ్యేదాకా ఉంగరం వేలు మేకు కొట్టినట్టు నిలబడింది. అదేదో జోలపాట, రెండే కార్డులు, అంటే తీగల మీద వేళ్ళు పెట్టే రెండు తీరులు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారటం. భవ్య నా వేలి వంక చూసి, "తాత చెయ్యి చూడుండ్రి, ఎంత గట్టిగున్నదో. మనకేమైంది?" అంది. డెబ్బై రెండేళ్ళకి నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది.

ఇది నాన్నగారిది కాదు. ఆయనదే అయితే పని చేసేటప్పుడు వణకాలి కదా. చెంచా పట్టుకోబోయి ఆయన పడ్డ అవస్థ నేను కళ్ళారా చూశాను. నిన్న రాత్రి చాలా రోజుల తర్వాత మధ్యలో మెలకువ రాకుండా నిద్రపోయాను. సాయంత్రం నారాయణగూడ దాకా నడిచి, ఎవరితోనూ పంచుకోకుండా ఒక కుల్ఫీ తిన్నాను.

పాసైన నీ తమ్ముడు

*

బాపట్ల,
11 ఆగస్టు 2025

జగన్నాథం,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు. మాగాయ ఈసారి బాగా కుదిరింది, ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. పాట అయిపోయి వాయిద్యం పక్కన పెట్టాక నీ చెయ్యి ఏం చేస్తోంది?

వీలైతే నాలుగు రోజులు ఇక్కడికి రా.

అక్కయ్య

*

చిక్కడపల్లి,
19 ఆగస్టు 2025

అక్కయ్యకు,

ఒక మనిషి బతికి బయటపడ్డానని రాస్తే, వానలు, మాగాయ అని జవాబు! ఇంకెవరైనా అయితే ఊరుకునేవాణ్ణి. నువ్వు వాయించి మానేసినదానివి, నేను మానేయాల్సిన వయసులో వాయిస్తున్నాను. అది నీకు ముల్లులా గుచ్చుకుంటోందని అర్థమైంది. మంచిది. మన కుటుంబంలో ఒకరి సంతోషాన్ని ఇంకొకరు భరించిన దాఖలా లేదు. నేనూ ఎవరిదీ భరించలేదు, ఒప్పుకుంటాను.

నీ ప్రశ్నకి జవాబు: పాట అయ్యాక నేను చేతిని జేబులో పెట్టుకుంటాను. అలవాటు. జేబులో అది ఏం చేస్తుందో నాకు తెలియదు, చూడను. పేపరు చదివేటప్పుడు దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంటాను. పరీక్ష వాయించటం మీద పెట్టాను, ఊరికే కూర్చోవటం మీద కాదు. పరీక్ష అయిపోయాక ప్రశ్న మార్చకూడదు. ఆ మాత్రం నియమం మా అధ్వాన్నపు కాలేజీలో కూడా ఉండేది.

బాపట్ల రాను. ఆదివారాలు నాకు పని ఉంది.

జగన్నాథరావు

*

బాపట్ల,
26 ఆగస్టు 2025

నాన్నా జగన్నాథం,

నిన్ను ఇలా పిలిచి ఎన్నేళ్ళయిందో. కాస్త కూర్చుని చదువు.

నాన్నగారు వత్తులు చేసేవారు, గుర్తుందా? నువ్వు సెలవులకి వస్తే మంచం కింద డబ్బాల నిండా దూది వత్తులు కనపడేవి. ఇంట్లో దీపాలు రెండు, వత్తులు వెయ్యి. పెద్దాయనకి భక్తి ముదిరిందని నువ్వు ఎగతాళి చేసేవాడివి. ఆయన నవ్వి ఊరుకునేవారు.

అది భక్తి కాదురా. ఒకరోజు నేను పక్కన కూర్చుని, చాలు నాన్నగారూ, వేళ్ళు నొప్పి పుడతాయి అంటే, దూది కింద పెట్టి ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి చూపించారు. ఊరికే ఉంచగానే మొదలైంది. మళ్ళీ దూది అందుకున్నారు. ఆగిపోయింది. "పని చెబితే నా మాట వింటోందమ్మాయ్. ఊరికే ఉంచితే వినటం లేదు" అన్నారు. తమ్ముడికి రాయద్దన్నారు, రాయలేదు. నువ్వు చూసిన చెంచా రోజులు అయిదేళ్ళ తర్వాతవి. మొదలు నువ్వు చూడలేదు. నేను చూశాను.

లక్ష్మయ్య షాపులో నీ చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. తీగ మీద మేకులా నిలబడింది. నువ్వు పాసయ్యానని రాసిన ఉత్తరం చేత్తో పట్టుకుని నేను వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. ఏం రాయాలో తెలియక మాగాయ గురించి రాశాను.

అదే అయి ఉండాలని లేదు. వేరే ఏదైనా కావచ్చు, నాకేం తెలుసు? కానీ తెలిసినవాళ్ళు చూడాలి. ఇప్పుడు మందులున్నాయని నాగశ్రీ అంటోంది. నాన్నగారికి డాక్టరుని పిలిచేసరికి ఆలస్యమైంది. కారణం ఆయన, నేను, ఆ వత్తులు.

నీ సంతోషం నేను భరించలేకపోయానన్నావు. నిజమే. ఆ సంతోషం చూసి నాకు చాలా భయమేసింది.

నీ అక్కయ్య

*

చిక్కడపల్లి,
8 సెప్టెంబరు 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజున కుర్చీలో కూర్చుని చేతిని బల్ల మీద పెట్టి మొదటిసారి దాని వంక పూర్తిగా చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. వేళ్ళు వత్తి చేస్తున్నట్టే కదులుతున్నాయి, బొటనవేలు కూడా కలిసింది. ఇన్ని పుస్తకాలు చదివాను. ఎదురుగా డబ్బాల నిండా ఉన్నదాన్ని చదవలేకపోయాను. ఈ సంగతి ఇన్నేళ్ళు దాచినందుకు నీ మీద కోపం వచ్చింది, నిలబడలేదు. ఈ మధ్య నా కోపాలకి కూడా సత్తువ తగ్గింది.

పోయిన నెలాఖరు ఆదివారం వెళ్ళలేదు. మర్నాడు పొద్దున తలుపు చప్పుడైతే భవ్య, సుమంత్. చిరునామా ఎలా దొరికిందంటే లక్ష్మయ్యని అడిగారట. చిక్కడపల్లిలో ఉకులేలే మోసుకుని తిరిగే ముసలాయన ఇంకెవరూ లేరు కదా. "ఏమైంది తాతా, పానం బాగలేదా?" అంది భవ్య. బాగానే ఉందన్నాను. నా తర్వాత కొత్తవాళ్ళెవరూ చేరలేదట. నేను లేకపోతే వేగం చెప్పేవాళ్ళు లేక తలా ఒక దారిన పరిగెత్తారట. "పాట మొత్తం ఆగమాగమైంది. నువ్వు రాకుంటే మాకు ఆగుడు తెలుస్తలేదు" అన్నాడు సుమంత్. కాఫీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళున్నంతసేపూ చెయ్యి తొడ కిందే ఉంచుకున్నాను.

నిన్న వెళ్ళాను. జోలపాట వాయించాం. అయ్యాక అందరూ వాయిద్యాలు దించారు. నేనూ దించాను. ఈసారి జేబులో పెట్టుకోలేదు. మోకాలి మీద పెట్టాను, అరచెయ్యి పైకి.

మొదట చూసింది సుమంత్. నీళ్ళ సీసా నోటి దగ్గరికి తీసుకెళుతూ ఆగిపోయాడు. తర్వాత ఒక్కొక్కరూ. కింద ఎవరో పాఠం పైకి చదువుకుంటున్న గొంతు వినపడుతోంది.

"ఎన్ని రోజుల సంది తాతా?" అంది భవ్య.

"జూన్ నుంచి. మా నాన్నగారికీ ఇలాగే ఉండేది. నాకు చాలా భయంగా ఉందమ్మా."

ఏం కాదులే అని ఒక్కరూ అనలేదు. అందుకు వాళ్ళకి జీవితాంతం కృతజ్ఞుణ్ణి. భవ్య జరిగి నా పక్కకి వచ్చి, "ఇంకోపారి వాయిద్దామా?" అని మాత్రం అడిగింది. వాయించాం. చెయ్యి ఆగింది. అది ఆగటం చూసి ఆ పిల్ల కళ్ళలో ఆశ కనపడింది. నీ ఉత్తరం చదివి ఉండకపోతే నాకూ ఆ ఆశ కలిగేదే.

సుమంత్ అక్కడే ఫోన్‌లో నరాల డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాడు. హిమాయత్‌నగర్‌లో, పందొమ్మిదో తారీఖు శుక్రవారం ఉదయం. స్కూటరు మీద తీసుకెళతానన్నాడు. వద్దు, మా అక్కయ్య వస్తుందన్నాను. నిన్ను అడక్కుండానే అనేశాను.

రా అక్కయ్యా. గురువారం రైలుకి నాగశ్రీ ఎక్కిస్తుంది, సికింద్రాబాద్‌లో నేను దింపుకుంటాను. డాక్టరు చెప్పేది నీకు వినపడదు. నాకు వినే ధైర్యం లేదు. ఆయన్ని కాగితం మీద రాయమందాం. నువ్వు ముందు చదువు. నీ మొహం చూసి నేను తెలుసుకుంటాను. చిన్నప్పుడు నా పరీక్ష ఫలితాలు కూడా అలాగే కదా, పేపర్లో నంబరు నువ్వు చూస్తుంటే నేను నీ మొహం చూసేవాణ్ణి.

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయనుకుంటావు. కుడి చెయ్యి బాగానే ఉంది. కాగితం కదలకుండా ఎడమ చేతిని దాని మీద ఆనించాను, కాగితమే కదులుతోంది. ఇక కలం మూసేసి ఉకులేలే అందుకుంటాను. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో, వేలి కొస కందిపోయి మండుతోంది. ఉంగరం వేలు, చివరి తీగ, మూడో మెట్టు. పెడితే ఆగుతుంది.

నువ్వు వచ్చేదాకా ఈ చేతిని ఖాళీగా ఉంచను. త్వరగా రా.

జగన్నాథం